పొలం పనుల్లో పిల్లలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు మూడు ఎకరాల్లో తిండిగింజలు, పప్పులు, కూరలు, పాలు, గుడ్లు వీలైనంత వరకు ఇంట్లోనే పండించుకునే కుటుంబాలు పిల్లల విషయంలో అడిగే సందేహాలు తిరిగి తిరిగి అవే వస్తున్నాయి. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. మీ పిల్లల వయసున్న భాగానికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

సొంత పొలంలో పిల్లలతో పని చేయిస్తే బాలకార్మిక చట్టం కిందికి వస్తుందా?

1986 నాటి చట్టాన్ని 2016లో సవరించారు. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. పొలానికి సంబంధించి ఉన్న మినహాయింపు ఒక్కటే: సొంత కుటుంబం పనిలో, బడి అయ్యాక గానీ సెలవుల్లో గానీ, ప్రమాదం లేని పనికి సాయపడవచ్చు. 14 నుంచి 18 ఏళ్ల వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. బదులు పనికి పక్కవాళ్ల చేలోకి పిల్లల్ని పంపితే అది మీ కుటుంబం పని కాదు, మినహాయింపు వర్తించదు.

చట్టం సంగతి అలా ఉంచి, మీకు మీరే వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. రేపు పిల్లవాడు జ్వరంతో పడుకుంటే మీ పని ఆగిపోతుందా? ఆగుతుందంటే వాడు కూలిమనిషి బదులు నిలబడుతున్నాడన్నమాట. కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పత్తి విత్తనాల క్రాసింగ్ (పూలకు చేత్తో పుప్పొడి అద్దే పని) కోసం ఆడపిల్లల్ని బడి మానిపించిన కాలం ఎంతో దూరంలో లేదు. అక్కడా చాలామంది అన్న మాట "పని నేర్చుకుంటున్నారు" అనే.

రోజుకు ఎంతసేపు పని చెప్పొచ్చు?

5 ఏళ్లలోపు వారికి పది పదిహేను నిమిషాలు, అదీ మీ పక్కనే. 6–9 ఏళ్లకు అరగంట. 10–13 ఏళ్లకు గంట, సెలవు రోజున రెండు. 14 దాటాక బడి రోజుల్లో గంటన్నర, సెలవుల్లో పొద్దున, సాయంత్రం కలిపి నాలుగు గంటలకు మించకుండా. నిద్ర 6–12 ఏళ్ల వారికి 9 గంటలకు, ఆపై వారికి 8 గంటలకు తగ్గకూడదు. తెల్లవారుజామున పాలు పితకడానికి లేపి రాత్రి పదకొండుకు హోంవర్కు రాయిస్తే ఆ లెక్క తప్పుతుంది. పరీక్షల రెండు వారాలు పని పూర్తిగా ఆపేయండి.

ఏప్రిల్, మే నెలల్లో 9 గంటల తర్వాత, సాయంత్రం 5కు ముందు ఎండలో పని వద్దు. మజ్జిగ అందుబాటులో ఉంచండి. వాంతులు, విరేచనాలు అయినా, చెమటకు నీరసించినా లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు (చెంచాలు తలకొట్టి) కలిపి కొద్దికొద్దిగా తాగించండి.

ఏ పని చెప్పినా రెండు రోజులు చేసి వదిలేస్తున్నారు. ఎందుకు?

చాలా ఇళ్లలో పిల్లలకు అందేది ముక్క పని. "ఆ తట్ట అందుకో", "నూకలు జల్లి రా", "మోటారు ఆగిందేమో చూసి రా". అది ఎందుకు చేస్తున్నారో, చివరికి ఏమవుతుందో వాళ్లకు కనబడదు. మొదలు నుంచి చివరిదాకా ఒక పనిని మొత్తంగా అప్పగించండి. తోటకూర మడి అంటే విత్తనం చల్లడం నుంచి ఆ కూర పళ్లెంలోకి వచ్చేదాకా వాళ్లదే. అది చిన్నదైనా సరే, మొత్తం ఉండాలి. అప్పగించాక మధ్యలో చేయి పెట్టకండి. వంకర టింకరగా చల్లితే అలాగే మొలవనివ్వండి. మీరు వెనకాలే వెళ్లి సరిచేస్తే, ఆ పని మళ్లీ మీదైపోయిందని వాళ్లకు అర్థమవుతుంది.

ఒకసారికి ఒక్క పనే. అది ఒక పంటకాలమో, కనీసం నెలో సాగాకే రెండోది.

"పసివాడితో పనులేంటి" అని నానమ్మ, తాతయ్య కోప్పడుతున్నారు. ఎలా?

వాళ్లతో వాదించకుండా నేర్పే బాధ్యత వాళ్లకే ఇవ్వండి. చేటతో చెరగడం, చింతపండులో గింజ తీయడం, కవ్వంతో చల్ల చిలకడం, విత్తనం గింజ ఏరడం వారికి తెలిసినంతగా మీకు తెలియదు. కూర్చుని చేసే పనులు కాబట్టి ఇద్దరికీ అలుపుండదు. కార్తెల పేర్లు, ఏ కార్తెలో ఏం విత్తాలో కూడా పిల్లలకు అందేది ఆ దారినే.

బడి మానిపించి పొలంలోనే అన్నీ నేర్పిస్తే తప్పా?

2009 విద్యాహక్కు చట్టం 6–14 ఏళ్ల పిల్లలందరికీ చదువు హక్కుగా ఇచ్చింది. సార్వత్రిక విద్యాపీఠం ద్వారా 14 ఏళ్లు నిండాక పదో తరగతి పరీక్ష రాసే వీలుంది గానీ, పొలం పనికి చేతులు చాలక ఆ దారి పట్టకండి. పొలంలో ఉన్న పిల్లలకు తోటివాళ్లు దొరికేది బడిలోనే. ఊళ్లో బడి ఉంటే అందులోనే చదివించండి.

## 2 నుంచి 5 ఏళ్లు

మొక్కై వంగనిది మానై వంగుతుందా అంటారు కదా, మూడేళ్లకే పని మొదలుపెట్టొచ్చా?

మొదలుపెట్టొచ్చు, కానీ పని పూర్తవుతుందని ఆశించకండి. ఈ వయసులో పిల్లలకు మీరు చేసేదే చేయాలని ఉంటుంది. చిక్కుడు, బెండ వంటి పెద్ద గింజలను వేలితో గుచ్చిన గుంటలో వేయడం, కాయల్ని గంపలోకి ఎత్తడం, చిన్న చెంబుతో మొక్కకు నీళ్లు పోయడం, వేరుశనగ ఒలవడం చాలు. నాలుగేళ్లలోపు వారి దగ్గర గింజలున్నప్పుడు కళ్లు తిప్పకండి. శనగ, వేరుశనగ గింజలు ముక్కులోకి, గొంతులోకి పోవడం మామూలుగా జరిగే ప్రమాదం. వాళ్లతో పని మీకు రెట్టింపు సమయం పడుతుంది. తొందర పనులున్న రోజు ఇంటి దగ్గరే వదిలి వెళ్లండి.

బావి, నీటి గుంట, తొట్లు ఉన్న పొలంలోకి చిన్నపిల్లల్ని ఎలా తీసుకెళ్లాలి?

పొలంలో పసిపిల్లలకు అన్నిటికంటే పెద్ద ప్రమాదం నీళ్లే. మునగడానికి జానెడు లోతు చాలు, అరుపు కూడా వినబడదు. తీసుకెళ్లే ముందే ఇవి చేసి ఉంచండి:

- నేల బావికి కనీసం నాలుగు అడుగుల పిట్టగోడ, లేదా గట్టి ముళ్లకంచె, గడియ ఉన్న తలుపు.
- ప్లాస్టిక్ షీటు పరిచిన నీటి గుంట మరీ ప్రమాదం. షీటు పాకుడు పట్టి జారుతుంది, పెద్దవాళ్లూ పైకి ఎక్కలేరు. చుట్టూ కంచె వేసి, నాలుగు వైపులా గట్టున గుంజలు పాతి, ముడులు వేసిన మోకులు నీటిదాకా వేలాడదీయండి. ఒక పాత ట్యూబులో గాలి నింపి గట్టున కట్టండి.
- అజోల్లా (పశువుల మేతకు పెంచే నీటి మొక్క) మడి, కుడితి తొట్టి, జీవామృతం (ఆవు పేడ, మూత్రంతో చేసే ద్రవ ఎరువు) డ్రమ్ముల మీద బరువైన చట్రమో, బిగించిన వలో ఉండాలి. వట్టి గోనెసంచి కప్పితే కింద నీళ్లున్నాయని తెలియక దాని మీద కాలు వేస్తారు.
- నీళ్లు పడక వదిలేసిన బోరు గొట్టానికి ఇనుప మూత వెల్డింగు చేయించండి, లేదా మట్టితో అడుగు నుంచి పూడ్చండి. పైన రాయి పెట్టి ఊరుకోవద్దు.

పొలంలో "నేను చూస్తున్నా" అని ఒక మనిషి పైకి చెప్పి బాధ్యత తీసుకోవాలి. పదిమంది ఉన్నప్పుడే ఎవరూ చూడరు. ఐదారేళ్లు వచ్చాక ఈత నేర్పించండి. ఎండిన సొరకాయ బుర్రలు, జీలుగు బెండ్లు కట్టి బావిలో నేర్పే పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. నడుముకు తాడు కట్టి, దాని కొస ఈతొచ్చిన పెద్దవాళ్ల చేతిలో ఉండాలి.

మట్టిలో ఆడి జబ్బులు తెచ్చుకుంటారేమో?

మట్టితో భయం లేదు, అందులో కలిసిన మలంతోనే. కొంకి పురుగు ఉత్త కాళ్ల చర్మంలోంచి లోపలికి పోయి రక్తం తగ్గిస్తుంది. చెప్పులు, భోజనానికి ముందు సబ్బుతో చేతులు, కత్తిరించిన గోళ్లు: ఈ మూడు పాటిస్తే చాలావరకు తప్పుతుంది. 1–19 ఏళ్ల పిల్లలకు ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, ఆగస్టులో, అంగన్‌వాడీల్లో, బడుల్లో నులిపురుగుల మాత్ర ఇస్తారు, వదలకండి. ధనుర్వాతం టీకాలు సమయానికి వేయించండి: చిన్నప్పటి డోసులు కాక 5–6 ఏళ్లకు, 10కి, 16కి.

## 6 నుంచి 9 ఏళ్లు

మొదటిసారి సొంత మడి ఇస్తే ఏం వేయించాలి?

తోటకూర. నెల తిరిగేలోపు కూర చేతికొస్తుంది, ఈ వయసు ఓపికకు అంతకంటే ఎక్కువ పనికిరాదు. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మడి చాలు. రెండు వైపుల నుంచీ చేయి మధ్యకు అందాలి.

మాగిన పశువుల ఎరువు ఒక గంపెడు కలిపి మట్టిని మెత్తగా చేయాలి. రెండు చిటికెల విత్తనాన్ని రెండు గుప్పిళ్ల పొడి ఇసుకతో కలిపి చల్లించండి. ఇసుక కలపకపోతే గింజలన్నీ ఒకచోటే పడతాయి. పైన మట్టి కప్పకుండా అరచేత్తో మెల్లగా అదమాలి. 4–6 రోజుల్లో మొలుస్తుంది. రెండు వారాలకు ఒత్తుగా ఉన్నచోట పీకి ఆ లేత మొక్కల్ని పప్పులో వేయండి, మొదటి పంట అదే. 25–30 రోజులకు కోత.

ఇది పాడయ్యేది మూడు కారణాలకు. బకెట్టుతో నీళ్లు గుమ్మరిస్తే గింజలు ఒక మూలకు కొట్టుకుపోతాయి, డబ్బాకు మేకుతో చిల్లులు పెట్టి ఇవ్వండి. చీమలు గింజలు మోసుకుపోతాయి, మడి చుట్టూ బూడిద గీత వేయించండి. కోళ్లు గీరేస్తాయి, చుట్టూ కంప పెట్టండి. రెండో మడిగా మెంతికూర, మూడోది బెండ. బెండ 45–50 రోజులకు కాపుకొస్తుంది, అప్పటికి ఎదురుచూడటం అలవాటవుతుంది.

కోళ్ల బాధ్యత పూర్తిగా పిల్లలకే ఇవ్వొచ్చా?

ఐదు పెట్టలు, ఒక పుంజుతో ఏడెనిమిదేళ్ల పిల్లలు చక్కగా చూసుకుంటారు. ఈ వయసుకు ఇంతకంటే మంచి పని మాకు తెలియదు.

పొద్దున గూడు తీసి లెక్కపెట్టాలి. మట్టి మూకుడు కడిగి నీళ్లు పోయాలి. బయట తిరిగి తినే కోడికి నూకలు, తవుడు కలిపి రోజుకు గుప్పెడు చాలు. గుడ్డు పెంకు పలచబడితే పాత పెంకుల్ని ఎండబెట్టి పొడి చేసి కలపాలి. పొద్దుగూకక ముందే మళ్లీ లెక్కపెట్టి గూడు మూయాలి. చీకటి పడ్డాక మరిచిపోతే ముంగిసో, అడవి పిల్లో రెండు మూడింటిని ఒకే రాత్రి తినేస్తుంది. గుడ్డు తీసే ముందు గూట్లో టార్చి వేసి చూడటం తప్పనిసరి, గుడ్ల కోసం పాములు వస్తాయి.

పొదిగించేటప్పుడు గుడ్డు మీద పెన్సిలుతో తేదీ రాయించండి. వారం దాటిన గుడ్లు, ఎండాకాలంలో నాలుగు రోజులు దాటినవి పెట్టొద్దు. పెట్ట కింద 10–12 గుడ్లు. ఏడో రోజు రాత్రి చీకట్లో టార్చి ముందు పట్టి చూస్తే రక్తనాళాలు సాలెగూడులా కనబడతాయి, కనబడనివి తీసేయాలి. 21వ రోజుకు పిల్లలు బయటకొస్తాయి. కాకులు, గద్దల నుంచి కాపాడటానికి మొదటి వారాలు గంప కింద ఉంచాలి.

కోడిపిల్లలకు పాత పద్ధతి మేత ఒకటుంది: పగిలిన కుండలో ఎండుపేడ, గడ్డి కుక్కి తడిపి సాయంత్రం చెదలున్న చోట బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పడతాయి. దులిపి వేస్తే పిల్లలు ఎగబడి తింటాయి.

కొక్కెర తెగులు వస్తే గూడంతా ఖాళీ అవుతుంది, పిల్లల మనసు విరిగేది అప్పుడే. కోడిపిల్లకు 5–7 రోజుల వయసులో లసోటా టీకా చుక్క కంట్లో వేయాలి, 8 వారాలకు ఆర్2బి సూది. ఒక సీసాలో వంద కోళ్లకు సరిపడా మందు ఉంటుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. అందుకే వీధిలో వాళ్లంతా ఒకే రోజు వేయించుకోవడం మంచిది. చచ్చిన కోడిని పిల్లలు ముట్టుకోకూడదు, పెద్దవాళ్లే సున్నం వేసి లోతుగా పూడ్చాలి. గూడు పని అయ్యాక సబ్బుతో చేతులు కడగాలి.

ఎంత బరువు మోయనివ్వొచ్చు?

ఒంటి బరువులో పదోవంతు. 20 కిలోల పిల్లవాడికి రెండు లీటర్ల నీళ్లు, 30 కిలోలుంటే మూడు. ఒక చేత్తో నిండు బకెట్టు కంటే రెండు చేతుల్లో రెండు చిన్న చెంబులు నయం. తలమీద బరువు వద్దు, మెడ ఎముకలు ఇంకా ముదరలేదు. పెద్దల పనిముట్లు పిల్లలకు ఇవ్వకండి. కమ్మరి దగ్గర చిన్న పార చేయించి, పిల్లల రొమ్ము ఎత్తుకు కర్ర తొడిగించండి.

జీవామృతం కలపడంలో పిల్లల్ని చేర్చుకోవచ్చా?

చేర్చుకోవచ్చు, వాళ్లకంటూ 20 లీటర్ల బకెట్టు ఒకటివ్వండి. ఎకరానికి వాడే 200 లీటర్ల కొలతలో పదోవంతు: నీళ్లు 20 లీటర్లు, ఆవు పేడ కిలో, ఆవు మూత్రం అర నుంచి ఒక లీటరు, బెల్లం 200 గ్రాములు, పప్పుల పిండి 200 గ్రాములు, గట్టు మట్టి చిటికెడు. నీడలో ఉంచి, గోనెగుడ్డ కప్పి, పొద్దున, సాయంత్రం కర్రతో ఒకే వైపు తిప్పాలి. 48 గంటలకు సిద్ధం, వారంలోపు వాడేయాలి. 10 సెంట్లకు, అంటే నాలుగు గుంటలకు సరిపోతుంది. మూత బిగిస్తే గాలి చేరి పొంగుతుంది, ఎండలో పెడితే కుళ్లు వాసన వస్తుంది. చేతికి గాయం ఉంటే ఆ రోజు వద్దు.

విత్తనానికి పట్టించే బీజామృతం మాత్రం పెద్దవాళ్లే కలపాలి. అందులో సున్నం ఉంటుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు.

పాము భయం ఉన్న పొలంలో పిల్లలకు ఏం నేర్పాలి?

మన దగ్గర ప్రాణం తీసేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు ఈ నాలుగింటికీ పనిచేస్తుంది, కాబట్టి పామును చంపి తీసుకెళ్లాల్సిన అవసరం లేదు.

పిల్లలకు మూడు అలవాట్లు చేయించండి: కళ్లకు కనబడని చోట చేయి పెట్టకపోవడం (కట్టెల మోపు, గడ్డివాము, రాళ్ల గుట్ట), చీకటి పడ్డాక టార్చి, చెప్పులు లేకుండా అడుగు వేయకపోవడం, నేల మీద పడుకోకపోవడం. కట్లపాము రాత్రిపూట నిద్రలో కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు. పొద్దున్నే కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం కనిపిస్తే అనుమానించాలి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకోబెట్టండి.

కరిస్తే కదలనివ్వకుండా పడుకోబెట్టి, గాజులు, పట్టీలు తీసేసి, విరిగిన కాలికి కట్టినట్టు కర్ర పెట్టి వదులుగా కట్టి, మోసుకుంటూ తీసుకెళ్లాలి. 108కి ఫోను చేయండి. తాడుతో బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం వద్దు. విషం లేదనిపించినా ఆసుపత్రికే.

## 10 నుంచి 13 ఏళ్లు

కొడవలి ఎప్పుడు ఇవ్వాలి?

పదేళ్లకు ముందు వద్దు. ముందు వారం పది రోజులు గట్టు మీద గడ్డి మాత్రమే కోయించండి. ఎడమచేత్తో కొద్దిగా గడ్డిని పైభాగాన పట్టుకుని, కొడవలిని నేలకు దగ్గరగా పెట్టి మెల్లగా లాక్కోవాలి, విసరకూడదు. గుప్పిట నిండా పట్టుకుంటే జారుతుంది, దెబ్బ ఎక్కువగా తగిలేది ఎడమచేతి వేళ్లకే. ఇద్దరి మధ్య ఆరడుగుల దూరం ఉండాలి. మొద్దుబారిన కొడవలే ఎక్కువ ప్రమాదం, బలం పెట్టి లాగితే అదుపు తప్పుతుంది. కొడవలి పట్టుకుని పరుగెత్తినా, నేలమీద వదిలేసినా వారంపాటు వెనక్కి తీసుకోండి.

తెగితే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. కాఫీ పొడి, సున్నం, మట్టి పెట్టొద్దు.

పాలు పితకడం ఎలా నేర్పాలి?

రెండు మూడు ఈతలు ఈనిన సాధువైన ఆవు దగ్గర మొదలుపెట్టండి. కొత్తగా ఈనిన ఆవు దూడ కోసం మీదికి రావచ్చు. గోళ్లు కత్తిరించుకుని, దూడను వదిలి చేపనిచ్చి (పాలు చన్నుల్లోకి దిగనిచ్చి), పొదుగును గోరువెచ్చని నీటితో కడిగి తుడవాలి. మొదటి రెండు ధారలు విడిగా నల్లటి గిన్నెలోకి పిండి చూడాలి, గడ్డలు కనిపిస్తే పొదుగువాపు మొదలైనట్టు. బొటనవేలు మడిచి లాగడం అలవాటు కానివ్వద్దు, చను దెబ్బతింటుంది. చను మొదట్లో బొటనవేలు, చూపుడువేలితో బిగించి, మిగతా వేళ్లను ఒక్కొక్కటిగా మూస్తూ పిండాలి.

చేపు 5–7 నిమిషాలే ఉంటుంది. పిల్లల చేతులు రెండు నిమిషాలకే అలసిపోతాయి కాబట్టి మొదటి నెల వాళ్లు మొదలుపెట్టాలి, మీరు పూర్తిచేయాలి. పాలు పొదుగులో మిగిలిపోతే జబ్బు వస్తుంది, పాలూ తగ్గుతాయి. పచ్చిపాలు తాగనివ్వకండి, కాచాకే.

ఒక్క నియమం ఏనాడూ తప్పకూడదు: పలుపును (పశువును కట్టే తాడును) చేతికి గానీ నడుముకు గానీ చుట్టుకోకూడదు. పశువు బెదిరి పరుగెడితే పిల్లల్ని ఈడ్చుకుపోతుంది.

పశువుల్ని మేతకు తోలుకెళ్లే పిల్లలకు ముందే ఏం చెప్పాలి?

జొన్న చేను గురించి. మోకాలెత్తు లోపు జొన్న, వాన లేక గిడసబారిన జొన్న, కోసిన మోడు నుంచి మళ్లీ వచ్చిన పిలకలు పశువు తింటే నాము తగులుతుంది. ఆ లేత ఆకులో సైనైడు తయారవుతుంది. నిమిషాల్లో రొప్పు, నోట నురగ, తూలి పడిపోవడం. వెంటనే పశువైద్యుణ్ణి పిలవాలి, విరుగుడు సూది ఉంది. సంచార పశువైద్యశాల నంబరు 1962 పిల్లలకు నోటికి రావాలి. గట్లమీద అడవిపందుల కోసం కొందరు కరెంటు తీగలు పెడతారు, ఏ తీగనూ ముట్టుకోవద్దని, దాటొద్దని కూడా గట్టిగా చెప్పండి.

ఇంటి విత్తనం పనిలో పిల్లలకు ఏది తగినది?

మొలక పరీక్ష. మృగశిర కార్తె జూన్ మొదటి వారం దాటాక వస్తుంది, బడులూ ఆ చుట్టుపక్కలే తెరుస్తారు. కాబట్టి వేసవి సెలవుల చివర్లో ఇది సరిగ్గా కుదురుతుంది. కుండ పైభాగం, మధ్య, అడుగు నుంచి గింజలు తీసి కలిపి, ఏరకుండా వంద లెక్కపెట్టాలి. తడిపి పిండిన గోనెగుడ్డ మీద పది వరుసల్లో పేర్చి, చుట్ట చుట్టి, నీడలో ఉంచి రోజూ తడి చిలకరించాలి. పప్పుధాన్యాలకు ఐదారు రోజులు, వరికి వారం పైన పడుతుంది. వేరు, మొలక రెండూ బాగున్నవే లెక్క.

వరికి వందలో 80, మినుము, పెసరకు 75 మొలవాలి. మినుము 60 మాత్రమే మొలిస్తే ఎకరానికి 8 కిలోల బదులు ఎంత వేయాలి? 8ని 75తో గుణించి 60తో భాగిస్తే 10 కిలోలు. ఆ లెక్క పిల్లలే వేయాలి, మీరు ఆ లెక్క ప్రకారమే విత్తాలి. 50కి తగ్గితే ఆ విత్తనం వదిలేయండి.

చదువుకు పనికొచ్చే పని ఏదైనా ఉందా?

వాన కొలత. నిలువుగా ఒకే వెడల్పున్న డబ్బాను చెట్లకు దూరంగా పెట్టి, రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు స్కేలుతో కొలిచి పుస్తకంలో రాయాలి. వాతావరణ శాఖ కొలిచేదీ ఆ సమయానికే. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు లీటరు నీరు. ఎకరం దాదాపు 4,047 చదరపు మీటర్లు కాబట్టి 25 మి.మీ. వానకు ఎకరంలో పడ్డ నీరు లక్ష లీటర్ల పైమాటే. పక్కనే కార్తె పేరు, పదును అయిందా (విత్తడానికి సరిపడా నేల తడిసిందా) లేదా, ఏం విత్తారు అన్నది రాయిస్తే మూడేళ్లకు మీ పొలానికే చెందిన పంచాంగం తయారవుతుంది.

అమ్మాయికి ఇంటిపని, అబ్బాయికి పొలంపని. ఇలా పంచుకోవచ్చా?

పంచుకోకండి. ఈ పంపకంలో అమ్మాయికి చివరికి రెండూ పడతాయి: పొలం నుంచి వచ్చాక అబ్బాయి ఆటకు పోతాడు, అమ్మాయి అంట్లు తోముతుంది. వారంపాటు ఇద్దరూ ఎంతసేపు ఏం చేశారో గడియారం చూసి రాయండి, ఆ కాగితం చూస్తే మీకే తెలుస్తుంది. నెలకోసారి పనులు మార్చండి. అబ్బాయికి అన్నం వార్చడం, చల్ల చిలకడం, తిరగలిలో పప్పు విసరడం రావాలి. అమ్మాయికి పార పట్టడం, నీరు కట్టడం, సంతలో బేరం, పొలం హద్దురాళ్లు, పాసుపుస్తకం తెలియాలి. నెలసరి రోజుల్లో ఏ పని చేయాలో అమ్మాయే చెప్పాలి. పొలంలో తలుపున్న మరుగుదొడ్డి, నీళ్లు లేకుండా ఈ వయసు ఆడపిల్లను రోజంతా ఉంచడం అన్యాయం.

పనికి డబ్బులివ్వాలా?

అందరూ తినే తిండికి సంబంధించిన పనికి వద్దు. గిన్నె కడిగినందుకు పది రూపాయలు మొదలైతే, రేపు డబ్బు అక్కర్లేనప్పుడు పనీ అక్కర్లేదంటారు. కానీ పిల్లలు మొత్తంగా చూసుకునే దానిలో ఇంటికి పోను మిగిలింది వాళ్లదే. ఇంటికి వారానికి 15 గుడ్లు అని ముందే మాట్లాడుకుని, మిగిలినవి అమ్మిన డబ్బులోంచి నూకల ఖర్చు కూడా వాళ్లే తీయాలి. పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరుతోనే పోస్టాఫీసులో పొదుపు ఖాతా తెరుచుకోవచ్చు. అవసరానికి ఆ డబ్బు మీరు వాడుకుంటే చెప్పి తీసుకోండి, చెప్పిన తేదీకి తిరిగి ఇవ్వండి.

పెంచిన కోడిని కోస్తే, దూడను అమ్మితే అన్నం మానేసి ఏడుస్తున్నారు. ఏం చేయాలి?

ఏడవనివ్వండి. తప్పు సాధారణంగా ముందే జరిగి ఉంటుంది: ఏది ఉంచుకునేది, ఏది అమ్మేది, ఏది తినేది అన్నది మొదటి రోజే చెప్పలేదు. చెప్పండి. బడికి వెళ్లినప్పుడు చాటుగా అమ్మేయడం, "పారిపోయింది" అనడం వద్దు, అబద్ధం బయటపడ్డాక మళ్లీ ఏ జీవాన్నీ మనసుపెట్టి చూసుకోరు. కోసేటప్పుడు చూడమని బలవంతపెట్టకండి, ఆ కూర తినమని కూడా. అంత జాలిపడే పిల్లలే పశువుకు జబ్బు చేస్తే అందరికంటే ముందు పసిగడతారు.

## 14 నుంచి 18 ఏళ్లు

ట్రాక్టరు నడపనివ్వొచ్చా? సొంత పొలంలోనే కదా?

18 నిండి లైసెన్సు వచ్చేదాకా వద్దు. మైనరు రోడ్డెక్కితే 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. సొంత పొలంలో అయితే జరిమానా ఉండకపోవచ్చు గానీ, దమ్ము చేసేటప్పుడు చక్రాలు బురదలో దిగబడితే ముందుభాగం లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడేది అక్కడే. మడ్‌గార్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకోవడం ఊళ్లలో మామూలైపోయింది, కుదుపుకు జారితే పడేది వెనుక చక్రం కిందో, రోటవేటరులోనో. తిరిగే ఇరుసుకు చున్నీ, పంచె, లుంగీ చుట్టుకుంటే విడిపించుకునే వ్యవధి ఉండదు.

చొప్ప నరికే యంత్రం కూడా అంతే, వేళ్లు పోయేది దాని దగ్గరే. వాడనప్పుడు చక్రానికి గొలుసు వేసి తాళం పెట్టండి. తాళంచెవి తీసేసిన యంత్రం దగ్గర ఆయిలు చూడటం, గ్రీజు పెట్టడం, ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయడం, బోల్టులు బిగించడం ఈ వయసుకు తగిన చదువు.

మోటారు ఆన్ చేయడానికి పంపొచ్చా?

వద్దు. పొలంలో మూడు ఫేజుల కరెంటు 415 వోల్టులు. తడి నేల, తడి చేతులు, తుప్పుపట్టిన స్టార్టరు డబ్బా, ఎర్తింగు లేకపోవడం కలిస్తే పెద్దవాళ్లే పోతున్నారు. ఆటో స్టార్టరు పెట్టించుకుంటే రాత్రి కరెంటుకు ఎవరూ పరుగెత్తనక్కర్లేదు. పిల్లలకు నేర్పాల్సింది ఒకటే: ఎవరికైనా షాకు కొడితే ముట్టుకోకుండా మెయిన్ ఆపాలి, అది అందకపోతే పొడి కర్రతో తప్పించాలి.

పురుగుమందు కొట్టడం నేర్పాలా?

రసాయన మందు ముట్టుకోనే వద్దు. మీరు వాడకపోయినా పక్క చేలో కొడతారు కాబట్టి డబ్బా మీది రంగు గుర్తులు తెలియాలి: ఎరుపు అతి తీవ్ర విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ కూడా విషమే, మోతాదులోనే తేడా. పక్క చేలో కొడుతుంటే గాలికి ఎదురు వైపు వెళ్లిపోవాలి, ఆ రెండు రోజులు ఆ గట్టున గడ్డి కోయకూడదు. ఖాళీ డబ్బాలో నీళ్లు పట్టుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

సహజ కషాయాలన్నీ భద్రమనుకోవద్దు. అగ్నిఅస్త్రంలో పొగాకు, పచ్చిమిర్చి ఉంటాయి. మరిగేటప్పుడు ఆవిరి కళ్లను, ఊపిరిని పట్టేస్తుంది, పొగాకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. అది పెద్దల పని. 14 దాటిన పిల్లలు వేపగింజల కషాయం చేయవచ్చు: జూన్, జులైలో రాలిన పండ్లు ఏరి, గుజ్జు కడిగి, నీడన ఎండబెట్టి, 5 కిలోల పప్పును పొడిచేసి గుడ్డలో కట్టి రాత్రంతా నానబెట్టాలి. పిండి వడకట్టి 100 లీటర్లకు నీరు చేర్చి, 100 గ్రాముల సబ్బు పొడి కలిపి సాయంత్రం వాడాలి. బూజు పట్టిన గింజలతో చేస్తే పనిచేయదు.

పదో తరగతికి వచ్చాక పొలం ముఖం చూడటం లేదు. బలవంతపెట్టాలా?

ఈ వయసులో పని చెప్పేవాళ్లు ఎక్కువ, సలహా అడిగేవాళ్లు తక్కువ. పది సెంట్లు విడిగా ఇచ్చి, ఏం వేయాలో వాళ్లనే నిర్ణయించుకోమనండి. విత్తనం, ఎరువు ఖర్చుకు ఇంత అని డబ్బిచ్చి పక్కకు తప్పుకోండి. టమాటా ధర పడిపోయి నష్టమొస్తే రాత్రి లెక్కలు కలిసి చూడండి, "ముందే చెప్పానుగా" అనకుండా. ఇంటి మొత్తం లెక్క కూడా చూపించండి: బయట ఏం కొన్నాం, ఏం అమ్మాం, అప్పెంత. ఉప్పు, నూనె, బట్టలు, ఫీజులు, ఆసుపత్రి ఖర్చు ఏ పొలమూ పండించదని వాళ్లకు తెలియాలి. అయినా వద్దంటే తినే తిండికి తగ్గ ఇంటిపనిలో వాటా ఒకటి ఉంచి, మిగతాది వదిలేయండి.

వ్యవసాయం మీద మనసున్న వారికి పదో తరగతి తర్వాత రెండేళ్ల వ్యవసాయ డిప్లొమా ఉంది, ఆంధ్రలో ఆచార్య ఎన్.జి.రంగా, తెలంగాణలో ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాల కింద.

ఇంటర్‌కు హాస్టలుకు వెళ్లిపోతే వాళ్లు చూసుకునే పని ఏం చేయాలి?

వెళ్లడానికి నెల ముందే అప్పగింత మొదలుపెట్టించండి. మొదటి పదిహేను రోజులు పెద్దపిల్ల చేస్తుంటే చిన్నవాడు చూస్తాడు, తర్వాతి పదిహేను రోజులు తారుమారు. ఏ ఆవు ఏ చేతికి చేపుతుంది, ఏ కోడి గుడ్లు చాటుగా ఎక్కడ పెడుతుంది, ఏ మడికి నీరు ఆలస్యంగా ఎక్కుతుంది అన్నవి వాన పుస్తకంలోనే రాయించండి. తీసుకునేవాళ్లు లేకపోతే ఆ పనిని తగ్గించండి: పది కోళ్లుంటే నాలుగు చేయండి, రెండో ఆవును ఈనకముందే అమ్మేయండి. సంక్రాంతికి ఇంటికొచ్చిన పిల్లకు మొదటి రోజు ఏ పనీ చెప్పకండి. పొద్దున్నే లేచి గూడు దగ్గరికి తానే వెళ్లి కోళ్లు లెక్కపెడుతుంటే, ఈసారి ఎన్ని పొదిగించాలో అడగండి.